గనిదిబ్బ మీద తోటకూర

ఆ గనిబావి పేరెత్తితేనే దిష్టి తీయించుకునే ఊరు మనది, అవునా? పట్టపగలు కూడా ఎవరూ అటు తొంగిచూడరు. తాతలనాడెప్పుడో అక్కడ సీసం తవ్వారు, తవ్వుతుంటే ఓబులమ్మ అనే కూలామె జారి అందులో పడి చచ్చిపోయింది, ఆ తర్వాత గని మూతపడింది, ఇంక అప్పట్నుంచీ ఓబులమ్మ దెయ్యమైందని ఒకటే గోల. చూసినోడు ఒక్కడు లేడు. భయానికి మాత్రం లోటు లేదు.

సరే, బావికి భయపడ్డారు, మరి గనిలోంచి తోడి పక్కనే పోసిన ఆ బూడిదరంగు దిబ్బకి భయపడ్డారా? లేదే! మన సైదమ్మ ఉంది చూశారూ, మొగుడు పోయి, ఆరేళ్ళ కూతురు పున్నమ్మతో ఒంటరిగా బతుకుతోంది, సెంటు భూమి లేదు, దెయ్యం జాగా గనక గొడ్డూ రాదు దొంగా రాడు అనుకుని, గుండె రాయి చేసుకుని ఆ దిబ్బ చదును చేసి తోటకూర వేసింది. ఓబులమ్మకి కోపం రాకుండా మొదటి కోత వండి బావి గట్టున పెట్టి దణ్ణం పెట్టుకుంది, ఇంక ఆ రోజు నుంచి ఇంట్లో అదే కూర. ఊళ్ళోవాళ్ళూ కొనుక్కుని, కూర భలే లేతగా ఉందని లొట్టలేశారు.

ఆర్నెల్లు తిరిగేసరికి పున్నమ్మకి కడుపునొప్పి, అన్నం సయించదు, మొహం పాలిపోయింది, రెండో ఎక్కం గడగడా చెప్పే పిల్ల మధ్యలో ఆగి బిక్కమొహం వేస్తోంది. ఓబులమ్మ పట్టిందన్నారు. భూతవైద్యుడొచ్చి, దెయ్యం ఎంగిలి తిన్నవాళ్ళ జోలికి దెయ్యం రాదు, ఇరవైయొక్క రోజులు ఆ దిబ్బ కూరే వండి, గట్టున కాసేపు పెట్టి తెచ్చి పిల్లకి తినిపించమన్నాడు. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది! ఆ పిచ్చితల్లి, వద్దు వద్దని ఏడుస్తున్న పిల్ల నోట్లో ముద్దలు కుక్కింది. ఇరవయ్యో రోజున పిల్లకి ఫిట్సొచ్చి పడిపోయింది.

అప్పుడు ఊరికి మందులిచ్చే నర్సమ్మ వచ్చి నాలుగు తిట్టి, ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళితే, డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో సీసం చేరిందన్నాడంట. దిబ్బ మట్టిలో సీసం కూరలోకి ఎక్కుతుందంట, కడిగితే పైదుమ్ము పోతుందేమో గానీ లోపలికెక్కింది పోదంట, ఉడికించినా పోదంట, పసిపిల్లల బుర్ర తినేస్తుందంట. మందులిచ్చారు, పిల్ల బతికింది. ఎక్కం మాత్రం తిరిగి రాలేదు.

సైదమ్మ వచ్చి తోటంతా పీకిపారేసి, తినొద్దు నాయనా, నా చేత్తో నేనే పెట్టుకున్నాను నా బిడ్డకి అని ఇంటింటికీ తిరిగి మొత్తుకుంది. విన్నారా? వారం తిరక్కుండా ఇద్దరు అదే దిబ్బ మీద వంగనారు పెట్టారు. ఇదేంట్రా అని సైదమ్మ అడిగితే, ఉప్పునీళ్ళలో కడుక్కుంటాంలే అత్తా అన్నారంట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే గదా!

సైదమ్మకి ఇంక కడుపు రగిలిపోయింది. జుట్టు విరబోసుకుని, దిబ్బ మీద నిలబడి, నేను ఓబులమ్మనిరా, నా కూర ముట్టినోడి పిల్లల్ని తీసుకుపోతా అని ఒక్క కేక పెట్టింది. నారు పెట్టినోళ్ళు చెప్పులొదిలేసి పరుగు! ఆవిడ ఇంటికొచ్చి, జుట్టు ముడేసుకుని, పున్నమ్మని ఒళ్ళో కూచోబెట్టుకుని రెండో ఎక్కం మొదట్నుంచీ చెప్పించడం మొదలెట్టింది. ఇప్పటికీ చెప్పిస్తూనే ఉంది.

కాబట్టి ఆ దిబ్బ వైపు పోకండి. సీసం ఉందంటే మీకెట్లాగూ చెవికెక్కదు, దెయ్యం ఉందనే అనుకోండి.