అప్పలనరసక్క కళ్ళు తెరిసిన ఫొటో

“మామ్మా, ఈ కెమెరా నీదేనా? నీకు ఫొటో తీయడమొచ్చా?”

ఎందుకు రాదే గుంటా! ఇటియ్యి. సూడు, ఇది నొక్కితే మూతి బయటికొస్తాది. ఆఁ... వొచ్చీసింది. మా తమ్ముడి కొడుకున్నాడు కాదేటి, విజయనగరంలో ఉంటాడు, ఆడిదిది. “ఫోన్లోనే ఫొటోలొచ్చీసినాయి, నాకిదెందుకత్తా” అనీసి ఇక్కడ పడీసి పోనాడు.

నేర్పిందీ ఆడే. నాను నేర్సుకున్నది మాత్రం మా అక్క కోసం. అక్కంటే తోడబుట్టింది కాదు, మా యారాలు అప్పలనరసమ్మ. మా మరిది పెళ్ళాం... కాదు కాదు, ఏటి సెప్తన్నాను, మా బావగారి పెళ్ళాం. మీరీ ఈదిలోకి రాకముందు మాట. ఇద్దరి మొగుళ్ళూ పోనాక ఆ ముందు గదిలో రెండు మంచాలేసుకుని మేమిద్దరమే ఉండీవోళ్ళం.

దానికేటంటే, ఫొటో తీస్తే సాలు, కళ్ళు మూసీసీది. ఆ మెరుపుకి ఓర్సుకోనేదు. మనవరాలి పెళ్ళి ఫొటోల్లో సూడాలి నువ్వు, అందరూ నవ్వతన్నారు, ఇది నిద్దరోతంది! అందరూ ఒకటే ఎగతాళి. అక్కడ ఇదీ నవ్వింది గానీ, ఇంటికొచ్చి ఏడిసింది. “నాను పోనాక గోడకెట్టీ ఫొటో కూడా ఇలగే ఉంటాదేటే?” అన్నాది.

మా రోజుల్లో ఫొటోలెక్కడివే? కోటబొమ్మాళి సంతకెల్తే ఒకడు నల్లగుడ్డ కప్పుకుని తీసీవోడు. రూపాయో, రెండో... రూపాయంటే మాటలా అప్పుడు, గంపెడు కూరలొచ్చీవి. మా మావ ఒప్పుకోనేదు. ఏటి సెప్తన్నాను... ఆఁ, మెరుపు.

“అత్తా, దీన్ని ఫ్లాష్ అంటారు” అన్నాడు మా వోడు. అక్క అందుకుని, “పలాసా? జీడిపప్పుల పలాసేట్రా?” అన్నాది. ఆడు నవ్వి నవ్వి సచ్చినాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో అది పలాసే.

ఇదిగో, ఈ మెరుపు గుర్తు కనిపిస్తందా? దీన్ని నొక్కుకుంటా పోయి, గీత కొట్టీసిన మెరుపు దగ్గర ఆపితే ఇంక ఎలుగు రాదు. ఆడెల్లిపోనాక నానలగే తీసినాను. ఏటి లాభం? గదిలో సీకటి, నా సెయ్యి ఒణుకు, అంతా అలికీసినట్టొచ్చింది. మళ్ళీ పలాస ఎట్టి తీస్తే మళ్ళీ కళ్ళు మూత. ఇంకోపాలి మొకం మసక, ఎనకాల గోడ మీద కేలండరు మాత్రం అంకెలతో సహా తేటగొచ్చింది. “నన్నొగ్గీసి తారీకులు తీసినావేటే!” అనీసి తిట్టింది.

ఫోన్ సేసి అడిగితే ఆడన్నాడూ, “అత్తా, మీట సగమే నొక్కాలి. తెరలో మొకం సుట్టూ పచ్చరంగు గడి పడి కీకుమంటాది. అప్పుడు మిగతాది నొక్కు” అని. ఆ సగం నొక్కడమే కష్టమే తల్లీ. నారు పీకిన సేతులు, వాటికి సగం ఏటి తెలుస్తాది?

ఒక పొద్దున్న ఈది అరుగు మీద కూకోబెట్టినాను. ఎండింకా మీదకి రానేదు, ఎలుగు మాత్రం బాగుంది. ఎదురుగా బియ్యం డబ్బా ఎట్టి, దాని మీద కెమెరా ఆనించినాను.

“పలాస తీసీసినావా?”

“తీసీసినాను.”

“నిజింగా?”

“నీ మీదొట్టక్కా!”

అయినా నమ్మనేదు. కళ్ళు గట్టిగా మూసీసి, పళ్ళు బిగబట్టి, ఇంజీషనుకి కూకున్నట్టు కూకుంది. నాను సగం నొక్కి అలగే ఉన్నాను. ఉన్నాను, ఉన్నాను... ఎంతకీ మెరుపు రాకపోతే, మెల్లిగా ఒక కన్ను తెరిసింది. తరవాత రెండోది. నా ఏపు సూసి, “ఉన్నావేటే?” అన్నాది.

అప్పుడు నొక్కీసినాను.

ఎనకాల బుల్లి తెర మీద సూపిస్తే కెమెరా లాక్కుని మొకానికి దగ్గరగా ఎట్టుకుంది. “అద్దంలో ఎప్పుడూ పాపిడే సూసుకున్నాను గానీ కళ్ళు సూసుకోనేదే. మా అమ్మ కళ్ళే ఇవి” అన్నాది. వాళ్ళమ్మ దాని సిన్నప్పుడే పోనాదిలే, ఫొటో కూడా నేదు.

ఆ ఏడే వానల్లో జొరమొచ్చింది. పోనాది... కూతురొచ్చి ఆ ఫొటోనే పెద్దది సేయించి, పటం కట్టించి, వాళ్ళింటికి పట్టుకెల్లింది. పట్టుకెల్లాలి కదేటి, కన్నకూతురు.

పెద్దది సేసినోడు ఇందులోంచి దాన్ని సెరిపీసినాడు, మిగిలినవన్నీ ఇవే. సూడు, ఇదీ మూతే, ఇదీ మూతే. ఇవెవులూ అడగనేదు. నాను రోజూ సూస్తాను. సూస్తే పక్క మంచం మీద పడుకున్నట్టే ఉంటాది. ఒకోపాలి పిలిసీస్తాను కూడా. పొద్దుగూకితే టీవీ ఎట్టుకుంటాను, అందులో ఏటి సెప్తన్నారో నాకక్కర్నేదు. మనిసి గొంతినిపిస్తే సాలు.

అదేటి, మీ అమ్మ పిలుస్తన్నాదా? ఎల్లు, బేగి ఎల్లు. టీ ఎట్టి ఇద్దామనుకున్నాను... సర్లే. సల్లగుండు తల్లీ. పదిమందీ నీ సుట్టూ ఉండాల, ఎప్పుడూ...

తలుపా? ఎయ్యకు. అలగే ఉంచీ. గాలొస్తాది...