ఎన్నూరు దాకా కవాతు

పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో రిటైరైన ఆదికేశవులు నాయుడు అబద్ధమాడడని ఆనందన్ టీ కొట్టులో అందరికీ తెలుసు. నిజాన్ని కొంచెం సాగదీస్తాడు, అంతే. ఆనందన్ టీని ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి మూరెడు సాగదీయడా? దాన్నెవరూ తప్పుపట్టరు గదా.

కొట్టుకు ఎదురుగా, సందు అవతల, కల్యాణమండపం వెనక హాలు. ప్రతి శనివారం నాలుగింటికి సెలీనమ్మ అనే ఫిజియోథెరపీ టీచరమ్మ అక్కడ పార్కిన్సన్స్ వాళ్ళని పోగుచేసి చప్పట్లు కొట్టిస్తుంది, బంతులు విసిరిస్తుంది, పాట పెట్టి లెఫ్ట్ రైట్ అని నడిపిస్తుంది, ఆఖర్న కాఫీ పోసి కబుర్లాడుకోమంటుంది. నాయుడుకి ఆ ఒణుకుడు జబ్బు వచ్చి రెండేళ్ళు. నాలుగు శనివారాలుగా ఇంట్లో క్లాసుకని చెప్పి వస్తున్నాడు, టీ కొట్టులో ఆ క్లాసుకి తనే మూలస్తంభమని చెబుతున్నాడు. క్లాసు జరిగే వేళకి మూలస్తంభం టీ కొట్టులో ఎందుకుందని అడిగేంత మర్యాద తెలియనివాళ్ళు అక్కడ లేరు.

ఆ రోజు బెంచీ మీద కొత్త మనిషి కూర్చున్నాడు. పేరు బాలసుందరం, చూలైలో పుస్తకాలకు బైండింగు కట్టినాయన. జబ్బు పేరు డాక్టరు చెప్పి నెల కాలేదు. కూతురు హాలు అడ్రసు చీటీ మీద రాసిచ్చి పంపింది. ఆయనేమో టీ సగం తాగి, చీటీ మడిచి, స్టేషనుకి తిరిగిపోదామా అని లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. ఈ పూట వెనక్కి పోతే ఈ మనిషి మళ్ళీ రాడని ఆనందన్‌కే తెలిసిపోయింది.

కొత్త చెవులు దొరికితే నాయుడు వదులుతాడా?

"మొదట్లో నేనూ మీ మాదిరే సార్," అని మెల్లిగానే ఎత్తుకున్నాడు. టీచరమ్మ పది అడుగులు వెయ్యమంటే తను పదకొండు వేశాడట. అంతవరకూ న్యాయంగానే ఉంది. మరుసటి వారం ఆమె నాయుణ్ణి ముందు నిలబెట్టి, వెనక పదహారుమందిని వరసపెట్టి, పాట పెట్టిందట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఈ జబ్బులో బయల్దేరేది కష్టం, బయల్దేరినాక ఆగేది ఇంకా కష్టం. నేను ఆగలా. నేనాగకపోతే ఎనకాల వాళ్ళెట్ట ఆగతారు?"

హాలు చాలక రోడ్డెక్కారట. సిగ్నలు దగ్గర పోలీసాయన ఎవరో మంత్రిగారి ఊరేగింపనుకుని బస్సులాపి సెల్యూట్ కొట్టాడట. నాయుడి కుడిచెయ్యి దానంతటదే బదులు సెల్యూట్ కొట్టింది, నలభైసార్లు, ఆగకుండా.

ఎండలో దప్పికెయ్యలేదా అని ఆనందన్ అడిగాడు. ఎందుకెయ్యదు? దారిలో ఒకామె పెరుగుకుండ అందించిందట. "ఊరికే పట్టుకున్నానంతే అప్పా. తిరువొత్తియూరు చేరేలోగా వెన్న తేలిపొయింది. పదహారుమందికీ మజ్జిగ."

ఊరి పేరు చెన్నై అని మార్చి ఏడాదైనా లారీలవాళ్ళకి ఇంకా మద్రాసు మర్యాద మిగిలే ఉందట, ఊరి చివర సముద్రం ఒడ్డునున్న ఎన్నూరు దాకా పక్కకి తొలిగి దారిచ్చారు. అక్కడ వాగులో ఒక చేపల పడవ మోటారు చెడి నిలబడి ఉంది. పదిహేడుమందీ ఎక్కారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఈ చెయ్యి ఇట్ట నీళ్ళల్లో పెట్టినా. పడవ బాణం మాదిరి పొయింది. సింహళం దీపస్తంభం కనపడినాక, అయ్యో, ఆడ కాఫీ చల్లారిపోతాదే అని తిప్పుకొచ్చినా."

బాలసుందరం చీటీ మడత విప్పాడు. ఒక్క మాటనైనా ఆయన అనుమానించలేదు. చిక్కు అక్కడే వచ్చింది.

"నాకు ఎన్నూరు దాకా వద్దన్నా," అన్నాడు. "చదును నేల మీద బాగానే నడుస్తా. గడప కాడికొస్తే కాళ్ళు అతుక్కుపోతాయి. నిన్న మా ఇంటి గడప ముందరే అరగంట నిలబడిపొయినా. అంత దూరం నడిచినారే, నన్ను ఆ హాలు గడప ఒకటి దాటించండి. మీరు ముందు పోతే మీ ఎనకాలే వస్తా."

నాయుడు తన గ్లాసు చూపించాడు. టీ అయినాక పోదామన్నాడు. టీ అయింది. ఎండ తగ్గినాక పోదామన్నాడు.

హాలు ఊడ్చే మునియక్క ఇందాకే టీకని వచ్చి, చీపురు చంకలో పెట్టుకుని కథంతా వింది.

"ఈయనా? నాలుగు శనివారాలుగా చూస్తానే ఉండా. గడప ముందర చెప్పులు విడిచి, దండం పెట్టుకునే వాడి మాదిరి నిలబడతాడు, మళ్ళా చెప్పులేసుకుని ఈడికొస్తాడు. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అని ఊరికే అన్నారా?"

ఆనందన్ టీ సాగదీయడం ఆపాడు. నాయుడు సింహళం నుంచి ఒక్క క్షణంలో తిరిగొచ్చి, తల దించుకుని ఖాళీ గ్లాసులోకి చూశాడు. బాలసుందరం మొహం మాత్రం విప్పారింది.

"మీకూనా అన్నా?"

నాయుడు తలూపాడు. ఆ సాయంత్రం అతను చెప్పిన మొదటి నిజం అదే.

లేవండి ఇద్దరూ, అంది మునియక్క. ముగ్గుపిండి డబ్బా తెచ్చి, గడపకి ఇవతల మూడు, అవతల మూడు అడ్డగీతలు అడుగు ఎడంగా లాగింది. గీత కనబడితే అతుక్కున్న కాలు లేస్తుందట, లోపలివాళ్ళకి టీచరమ్మ సుద్దముక్కతో గీసిస్తుందట. టీ కొట్టుకి పారిపోయేవాళ్ళకి ఎవరు గీస్తారు?

నాయుడు కిందికి చూశాడు. ముప్ఫై ఏళ్ళు కార్ఖానా పట్టాల మధ్య నడిచిన మనిషి. ఆ గీతలు అచ్చం స్లీపరు దుంగల్లా ఉన్నాయి. ఒక దుంగ, ఇంకో దుంగ, ఇంకొకటి. గడప ఎప్పుడు వెనకపడిందో చూసుకోలేదు. అతని చొక్కా అంచు పట్టుకుని వెనకే బాలసుందరం.

లోపల పదహారుమంది చప్పట్లు ఆపి చూశారు. నాలుగు వారాలుగా హాజరు పుస్తకంలో పేరుంది, మనిషి లేడు, ఎక్కడికి పోయారండీ అని సెలీనమ్మ అడిగింది.

నాయుడు గొంతు సవరించుకున్నాడు. "ఎన్నూరు దాకా పొయినానమ్మా."

సెలీనమ్మ బాలసుందరం వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగినాక అబద్ధమాడని ఆ బైండరు, చీటీ జేబులో పెట్టుకున్నాడు.

"నిజమేనమ్మా. ఆ మజ్జిగ నేనూ తాగినా."