స్ప్రింగు పట్టుకుని ఎగిరిన చెంగల్రాయుడు

తిరుత్తణి కొండకు ఆడి కృత్తిక పండక్కి జనం రావడానికి ఇంకా వారం ఉందనగా, మహేంద్ర ఇంటి ముందు తిన్నె మీద చెంగల్రాయుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చున్నాడంటే కథ మొదలైనట్టే. ఆయన మహేంద్రకు మేనమామ. వయసులో బస్సు కండక్టరుగా తిరిగిన మనిషి. తిరుపతి నుంచి పొన్నేరి దాకా ఆయన తొక్కని గడప లేదు, ఆయన మాటల్లో అయితే ఆయన చెయ్యని పనే లేదు.

పక్కింటి దామోదరం మగ్గం ఆపేసి వక్క నములుతా వచ్చి కూర్చున్నాడు. సెల్వం ఆటోను రోడ్డు వారగా నిలబెట్టి తిన్నె అంచున చేరినాడు. మహేంద్ర పెళ్ళాం దేవసేన గడప దగ్గర కండెలకు నూలు చుడతా ఉంది. చెవులు మామ మాట మీద, కళ్ళు మామ చేతుల మీద. ఈ మనిషి మాటను ఆమె ఎప్పుడూ సగానికి సగం కోసేసి వినేది. ఈ పొద్దు ఆ మిగతా సగం కూడా నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ మాట నమ్మి పనిలోకి దిగబోయేది తన మొగుడు.

సంగతేమంటే, మహేంద్ర వాళ్ళు కట్టుకున్న కారు షెడ్డుకు తలుపు లేదు. నూలు మూటలన్నీ అందులోనే ఉంటాయి. పోయిన ఏడు కృత్తికకు కొండకొచ్చిన జనం చోటు చాలక ఆ షెడ్డులో పడుకుని, మూటల పక్కనే పొయ్యి పెట్టి పొంగలి వండినారు. రవ్వ ఎగిరి ఒక మూట అంటుకుంటే దేవసేనే బిందెతో నీళ్ళు కుమ్మరించి ఆర్పింది. అందుకని ఈ ఏడు ముందుగానే పెద్ద తలుపు తెప్పించినారు. అడ్డంగా నాలుగు పలకలు, పలకకూ పలకకూ మధ్య బందులు, రెండు పక్కలా పట్టాలు. ఎత్తితే పలకలు ఒకదాని వెనక ఒకటి వంగుతా పోయి కప్పు కింద పడుకుంటాయి. ఆ బరువంతా మోసేది పైన కమ్మీకి బిగించే స్ప్రింగు. తలుపైతే వచ్చింది గానీ బిగించే మనుషులు రాలేదు. పండగ అయ్యేదాకా ఆ దారిలో బండ్లను వదలరు, అయిపోయినాక వస్తామన్నారు. అయిపోయినాక దేనికి, మామ ఉండాడు గదా అని మహేంద్ర ఫోను చేసి చెంగల్రాయుణ్ణి పిలిపించినాడు.

"ఇదొక పనా అబ్బయ్యా," అన్నాడు చెంగల్రాయుడు. "పొన్నేరిలో రైసు మిల్లు ఆయన ఇంట్లో అచ్చం ఇట్లాంటి తలుపే బిగించినా. నేను పోయింది సుమ్మా, ఊరికే కాఫీ తాగుదామని. పోతే ఏముంది, కంపెనీ వాళ్ళు ఇద్దరు, నెత్తిన టోపీలు, చేతులకు గ్లౌజులు, నిచ్చెన మీద నిలబడి ఏడవలేక నవ్వుతా ఉండారు. దిగండ్రా అన్నా. దిగినారు. ఒక్క స్క్రూడ్రైవరు, నేను, అంతే."

"మిల్లాయన పేరేంది మామా?" అంది దేవసేన, నూలు మీంచి తల ఎత్తకుండా.

"పేరా?" చెంగల్రాయుడు కండువాతో మూతి తుడుచుకున్నాడు. "అంత పెద్దాయన పేరు మన నోటితో పలకకూడదమ్మాడీ. మర్యాద కాదు."

"ఆమా, ఆమా," అని ఒప్పుకున్నట్టు తలూపినాడు సెల్వం నవ్వు దాచుకుంటా.

"ఒక్కో పలక ఇద్దరు మోసే బరువు. నేను నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, హోటల్లో దోసెలు తెచ్చినట్టు అరిచేతి మీద పెట్టుకుని పోయినా. పట్టాలు బిగించినా. సరిగ్గా ఉండాయా లేదా అని కంపెనీ వాడు రసమట్టం పట్టుకుని వచ్చినాడు. దాన్ని అవతల పెట్టరా అన్నా. ఒక కన్ను మూసి, ఒక కన్నుతో చూసినా. నా పట్టా సక్కంగానే ఉండాది, మీ గోడే వెంట్రుకంత వంకర అన్నా. ఎవురూ నమ్మలా. మేస్త్రీని పిలిపించి కొలిపించినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడను పడగొట్టి మళ్ళీ కట్టినారు!"

"నువ్వు కాఫీ తాగే లోపలనా?" అన్నాడు దామోదరం.

"కాఫీ బాగా వేడిగా ఉన్నిందిలే అన్నా."

అందరూ నవ్వినారు. దేవసేన నవ్వలేదు. మామ మధ్యాహ్నం వచ్చినాడు, తిన్నాడు, ఒక కునుకు తీసినాడు. ఒక్కసారైనా షెడ్డులోకి తొంగి చూడలేదు. మహేంద్ర రా మామా చూద్దువు అంటే ఎండ తగ్గనీ అన్నాడు. ఎండ తగ్గినాక, దీపాలు పెట్టే వేళ ఇనుము ముట్టకూడదు అన్నాడు. అంత పని వచ్చిన మనిషైతే పెట్టె విప్పి చూడకుండా ఎట్లా ఉంటాడు? పండు చూస్తే కోతి ఆగుతుందా? ఇప్పుడు కూర్చోవడం కూడా చూడు, షెడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"స్ప్రింగు సంగతి చెప్పు మామా," అన్నాడు మహేంద్ర. "అదే కష్టమంటారు గదా."

"కష్టం అనేది చేతకానోడికి. స్ప్రింగంటే ఏంది? బిగిస్తే బిగుస్తాది, వదిలితే వదులుతాది. ఈ కండువా ఉండాదే, దీన్నే దానికి చుట్టి తిప్పినా చూడు, ఒక చుట్టు, రెండు చుట్లు, కంపెనీ వాడు చాలు సార్ అంటాడు, నేను చాలదంటా, ఇంకా తిప్పితి, ఇంకా తిప్పితి, స్ప్రింగు కుయ్యిమంటాది, గోడ మూలుగుతాది, మిల్లాయన ఇంట్లో ఆడోళ్ళు బిడ్డల్ని చంకన వేసుకుని వీధిలోకి పరిగెత్తినారు, మిల్లులో వడ్లు వాటంతట అవే పొట్టు రాలిపోతా ఉండాయి, అప్పుడు, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మహేంద్ర, ముందుకు వంగిపోయి.

"కండువా జారింది."

చెంగల్రాయుడు అక్కడ ఆగినాడు. కండక్టరు చిల్లర లేదని చెప్పి ఆగినట్టు తీరిగ్గా అందరి ముఖాలూ చూసినాడు.

"ఇంకోడైతే పారిపోతాడు. నేను స్ప్రింగు కొసను పట్టుకున్నా. వదిలితే ఎవురి తలకు తగులుతాదో, పాపం! అది నన్ను లేపింది చూడు నాయనా, కప్పుకు బొక్క పెట్టుకుని పైకి పోయినా. కింద పొన్నేరి వరి మళ్ళు పచ్చగా చాపలు పరిచినట్టుండాయి. కవరైపేట్టై స్టేషను మీద పోతా ఉంటే గూడూరు పోయే బండి ఎదురొచ్చింది. గార్డు నన్ను చూసి పచ్చజెండా ఊపినాడు."

"ఆకాశంలో పోయేదానికి పచ్చజెండా దేనికి?" అన్నాడు దామోదరం.

"నేనూ అదే అనుకున్నా. కానీ రైల్వే వాళ్ళు మర్యాద తెలిసినోళ్ళు. తిరువళ్ళూరు దగ్గర మబ్బులో దూరినా. లోపల ఒకటే చలి. కండువా కప్పుకున్నా."

"కండువా జారిపోయింది గదా మామా?" అన్నాడు సెల్వం.

"జారింది నా చేతిలోంచిరా. పోయిందని ఎవురన్నారు? నా వెనకే ఎగిరొచ్చింది. విశ్వాసం గల కండువా."

సెల్వం మోకాళ్ళ మీద కొట్టుకుని నవ్వినాడు. "సుమ్మా కదై విడాదీంగ మామా! ఊరికే కథలు అల్లొద్దు!"

"కథ కాదురా, కళ్ళారా చూసినోళ్ళు ఉండారు. తిరుత్తణి కొండ మీదికి వచ్చేసరికి కావడి మోసే జనం తలలెత్తి చూసి అరోహరా అని మొక్కినారు. నన్ను సామి వాహనం నెమలి అనుకున్నారు! సామి ముందు గొప్పలు పోకూడదని గోపురం చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసి, పైనుంచే దండం పెట్టుకున్నా. ఒక చేత్తోనే, ఇంకో చేతిలో స్ప్రింగుండాది. అప్పటికి స్ప్రింగు సాగింది చాలని వెనక్కి ముడుచుకుంది. పోయిన దారినే వచ్చి, అదే బొక్కలోంచి దిగి, అదే నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టినా. గ్లాసులో కాఫీ ఇంకా పొగలు పోతా ఉండాది!"

"తలుపు?" అన్నాడు మహేంద్ర.

"తలుపా! దాని వైభోగం ఏం చెప్పేది? చెయ్యి ఆనించే పనే లేదు. మిల్లాయన దగ్గితే లేస్తాది, తుమ్మితే మూసుకుంటాది. ఆయనకు జలుబు చేసిందంటే మాత్రం ఆ వీధిలో ఎవురికీ నిద్ర ఉండదు."

ఈసారి దేవసేనకు కూడా పెదవి మీదికి నవ్వు వచ్చింది. ఎంతైనా మనిషి చెప్పే తీరు అట్లాంటిది. అంతలో మహేంద్ర లేచి నిలబడినాడు.

"అయితే రేపు పొద్దున్నే మొదలుపెడదాం మామా. నేనేం చెయ్యాలో చెప్పు."

"నువ్వేముంది అల్లుడా. పలకలన్నీ తగిలించినాక తలుపును తల మీదికి ఎత్తి పట్టుకుని కింద నిలబడు. నేను పైన స్ప్రింగు తిప్పేస్తా."

దేవసేన చేతిలో నూలు పుటుక్కున తెగింది. పొద్దున బిగించే మనిషి ఫోనులో చెప్పిన మాటకూ ఈ మాటకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. ఇంతసేపూ ఉండింది అనుమానం. ఇప్పుడు ఆ అనుమానం తీరిపోయింది. కండె పక్కన పెట్టి లేచి షెడ్డులోకి పోయింది. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో రెండు ఇనుప కడ్డీలున్నాయి. వాటిని తెచ్చి చెంగల్రాయుడి ఒళ్ళో పెట్టింది.

"మామా, ఇవి తలుపు పెట్టెలో ఉన్నాయి. దేనికి ఇవి?"

చెంగల్రాయుడు ఒకదాన్ని అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. కొసను వేలితో తడిమినాడు. వీధి దీపం వైపు ఎత్తి చూసినాడు. ఇంత చిన్న ప్రశ్నకు అంతసేపు పట్టడం ఆ తిన్నె మీద ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇవా!" అన్నాడు కడకు. "కర్టెన్ కడ్డీలమ్మాడీ. తలుపుకు లోపలి పక్క కర్టెన్ వేలాడదీస్తారు, కారుకు దుమ్ము పడకుండా. కంపెనీ వాళ్ళు ఊరికే ఇస్తారు."

దామోదరం చెయ్యి చాచి రెండోది తీసుకుని తన మోచేతి పక్కన పెట్టి చూసినాడు. సరిగ్గా మూరెడుంది. "దీనికేం కర్టెన్ వస్తాది చెంగల్రాయా? గోచిగుడ్డ ఆరేసుకోవచ్చు."

సెల్వం తిన్నె మీంచి జారి కింద పడబోయినాడు. దేవసేన మాత్రం మామ ముఖంలోంచి చూపు తిప్పలేదు.

"స్ప్రింగు తిప్పేది వీటితోనే మామా. పొద్దున నేను ఫోటో తీసి ఆ బిగించే మనిషికి పంపినా. ఆయనే ఫోను చేసి చెప్పినాడు. స్ప్రింగు కొసన రంధ్రాలుంటాయంట. ఒక కడ్డీ లోపల ఉండగానే రెండోది దూర్చాలంట. తలుపును పూర్తిగా నేలకు దించి, కదలకుండా బిగించినాకే తిప్పాలంట. తలుపు కిందే కాదు, స్ప్రింగుకు ఎదురుగా కూడా ఎవురూ ఉండకూడదంట. స్క్రూడ్రైవరు పెట్టినోళ్ళకు ఏమైందో కూడా చెప్పినాడు." ఆమె మొగుడి వైపు ఒకసారి చూసింది. "చెయ్యి జారితే మనిషి కొండ మీదికి పోడు మామా. ఆస్పత్రికి పోతాడు."

నవ్వులు ఆగిపోయినాయి. మహేంద్ర చెయ్యి దానంతట అదే పోయి తన నడినెత్తి మీద ఆనింది.

"నేను..." అన్నాడు చెంగల్రాయుడు. "నేను పరీక్ష పెట్టినా. మీరు కనుక్కుంటారా లేదా అని."

దామోదరం వక్క ఉమ్మేసి వచ్చే నెపంతో లేచిపోయినాడు. సెల్వం ఆటో తాళం వెతుక్కున్నాడు. దేవసేన కడ్డీలు రెండూ తీసుకుని, "కాఫీ తెస్తా ఉండు మామా," అని లోపలికి పోయింది.

వంటింట్లోకి మహేంద్ర వెనకే వచ్చినాడు. "ఈ మాట నాకు ముందే చెప్పుండొచ్చు గదా."

"ఫోను రాగానే చెప్పినా. మామ ఉండాడు గదా అన్నావు."

మరుసటి పొద్దు మొగుడూ పెళ్ళాలు నూలు మూటలన్నీ మోసుకుపోయి దామోదరం మగ్గాల కొట్టంలో పెట్టినారు. షెడ్డుకు అడ్డంగా వెదుళ్ళు కట్టి టార్పాలిన్ దించినారు. కృత్తికకు జనం వచ్చినారు, కావడ్లు పోయినాయి, షెడ్డు ముందు ఎవరో ఎప్పటిలాగే పొయ్యి పెట్టి పొంగలి వండుకున్నారు. వండుకోనీ అనుకుంది దేవసేన. లోపల అంటుకునేదేమీ లేదు.

పండగ అయినాక బిగించే మనుషులు ఇద్దరూ వచ్చినారు. పట్టాలు పెట్టి, పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, తలుపును నేలకు ఆనించి కదలకుండా బిగించినారు. స్ప్రింగు దగ్గరికి వచ్చేసరికి అందర్నీ వీధిలోకి పొమ్మన్నారు. షెడ్డు పక్క వాకిలి తెరిచే ఉంది, లోపల నిచ్చెన కనబడతా ఉంది. అప్పుడు చూసింది దేవసేన. పిలవకుండానే చెంగల్రాయుడు వచ్చి వీధిలో నిలబడి ఉన్నాడు.

"వచ్చినావా మామా," అన్నాడు సెల్వం. "ఎట్లా తిప్పాలో వాళ్ళకు చెప్పుపో."

చెంగల్రాయుడి కళ్ళు పక్క వాకిలి మీదే ఉన్నాయి. లోపల బిగించే ఇద్దరిలో ఒకాయన నిచ్చెన మీద పక్కకు ఒరిగి నిలబడి, ఒక కడ్డీ దించేలోపల రెండోది దూర్చి, మెల్లగా చుట్టు తర్వాత చుట్టు తిప్పుతా ఉన్నాడు. స్ప్రింగు కిర్రుమన్నప్పుడల్లా చెంగల్రాయుడి కనురెప్పలు అదిరినాయి. ఎట్లా బిగిస్తారో చూద్దామని మహేంద్ర పక్క వాకిలి వైపు ఒక అడుగు వేసినాడు. వెంటనే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి వాడి చొక్కాను పిడికిట పట్టి లాగింది.

"యాడికిరా? ఇక్కడే నిలబడు."

మెల్లగా చెప్పినాడు ఆ మాట. కోత లేదు, కథ లేదు. దేవసేన ఆ పిడికిలి వైపు చూసింది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. లోపలి మనిషి దిగి, నిచ్చెన తీసి, బిగింపు విప్పి, తలుపుకు చెయ్యి వేసి ఎత్తితే అది చప్పుడు లేకుండా పైకి పోయి కప్పు కింద పడుకుంది. అది పడుకున్నాక, ఇక దిగి రమ్మన్నా రాకుండా స్థిరంగా నిలిచిందని చూసుకున్నాక, చెంగల్రాయుడు మేనల్లుడి చొక్కా వదిలిపెట్టినాడు.