ఫాదర్ ముఖం మీదే చెప్పాల్సిన మాట

అధ్యక్షులు డీన్ ఫాదర్ గారికి, వేదిక మీదున్న సిస్టర్లకు, రోజూ నా అంగడి మెట్ల మీద నిలబడి కాఫీ వాసన ఊరికే పీల్చుకుని వెళ్లే పారిష్ కౌన్సిల్ ఉపాధ్యక్షులు, మిత్రులు చౌరప్ప గారికి, ఎదుట కూర్చున్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, బిర్యానీ వాసన ఎటునుంచి వస్తున్నదా అని మెడలు తిప్పుతున్న వెనక వరుసల వాళ్లకు, కప్పిన శాలువాను ఏం చేయాలో తెలియక ఒళ్లో మడిచి పెట్టుకున్న మన ఫాదర్ ఇన్నారెడ్డి గారికి నా నమస్కారాలు. (నవ్వులు)

మీలో చాలామందికి నేను తెలుసు గానీ, రేపటినుంచి ఈ విచారణను, అదే ఈ పారిష్‌ను, చూసుకోబోయే కొత్త ఫాదర్ గారు మొదటి వరుసలో ఉన్నారు కాబట్టి చెప్పుకుంటాను. స్వామీ, నా పేరు ఆదినారాయణప్ప. మీ గుడి గేటుకు ఎదురుగా, రోడ్డు దాటితే కనిపించే కాఫీ పొడి అంగడి నాది. మా తాత పెట్టింది. నేను మీ మతంవాణ్ణి కాను, నా గల్లాపెట్టె మీద వెంకటరమణస్వామి పటం ఉంది. అయినా మీ జనం పూజ ముగియగానే ఇంటికి వెళ్లరు, నా అంగడికి వస్తారు. పొడి కొనేది కొంచెం, మాట్లాడేది ఎక్కువ. లోపల దేవుడితో చెప్పుకోగా మిగిలినదంతా నాతో చెప్పుకుంటారు. ఆ అనుభవంతోనే ఈ వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. పుస్తకాల తెలుగులో మాట్లాడు, మన ఇంటి తెలుగు మైకులో బాగుండదు అని మా మనవరాలు మేఘన చెప్పి పంపింది. ప్రయత్నిస్తున్నాను. మధ్యలో జారితే మన్నించండి.

ఫాదర్ గారి మంచితనం గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. చౌరప్ప గారైతే ఆయన కూర్చునే కుర్చీని కూడా పొగిడారు. కాబట్టి నేను పొగడను, ఒక సంగతి చెబుతాను. అది ఫాదర్ గారి చెవుల సంగతి. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఆ రోజుల్లో మీరెవరూ నవ్వలేదు.

ఈస్టరు వెళ్లిన తర్వాత అనుకుంటాను, ఫాదర్ గారికి వినికిడి తగ్గింది. పూజలో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే పూజలో మాట్లాడేది ఆయన, వినేది మీరు. ప్రసంగంలో అసలే తెలియలేదు. మీరు దగ్గినా, గడియారం చూసుకున్నా ఆయన ఆపేవారు కారు, అది చెవులు బాగున్నప్పుడూ అంతే. (నవ్వులు, చప్పట్లు) బయటపడింది శనివారం సాయంత్రం, పాపసంకీర్తనం దగ్గర. కొత్తవాళ్ల కోసం చెబుతాను. గుడిలో ఆ మూల చెక్క గూడు ఉంది కదా, ఒకవైపు గురువు కూర్చుంటారు, జాలీకి ఇటువైపు మనిషి మోకరించి, చేసిన తప్పులు గుసగుసగా చెప్పుకోవాలి. గుసగుసగా! అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఇటువైపు మనిషి గుసగుసగా మొదలుపెట్టేవాడు, అటువైపునుంచి ఫాదర్ గారు, "గట్టిగా చెప్పు నాయనా!" అనేవారు. ఇంకొంచెం పెంచితే, "ఇంకా గట్టిగా!" తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకు తెలియదు పాపం. కిటికీలు తెరిచే ఉంటాయి. గుడికీ నా అంగడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు.

స్వామీ, ఒక కోమటివాడు కాఫీ గింజలు వేయిస్తూ ఎదురింటి వాళ్ల పాపాలు వినవలసి వస్తే ఏం చేయాలి? నాకొక ఉపాయం తోచింది. "గట్టిగా చెప్పు" అన్న మాట వినబడగానే పొడి కొట్టే మిషన్ ఆన్ చేసేవాణ్ణి. గింజలున్నా లేకపోయినా సరే. ఆ చప్పుడులో పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు. లోపలివాళ్ల మర్యాద దక్కుతుందని నా ఉద్దేశం. కానీ మీ జనం మామూలు జనమా? వరుసలో నిలబడ్డవాళ్లు లెక్క కట్టడం మొదలుపెట్టారు. మిషన్ కొంచెంసేపు తిరిగితే చిన్న పాపం, ఎక్కువసేపు తిరిగితే పెద్ద పాపం! (పెద్దగా నవ్వులు) ఒకసారి మా అమ్మాయి లావణ్యకు కాన్పు రోజులు, ఇంటికి వచ్చేపోయే వాళ్లకు కావలసిన పొడంతా కొట్టి పెడదామని గింజలు పోసి మిషన్ వదిలేశాను. ఆ సమయంలో లోపల ఉన్నది ఎవరో కాదు, మన చౌరప్ప గారు. బయటికి వచ్చేసరికి వరుసంతా ఆయన్ను ఎలా చూసిందో ఆయననే అడగండి. నిజంగా ఆ రోజు నేను గింజలే కొట్టాను చౌరప్పా, ఇంతమంది ముందు చెబుతున్నాను, ఇప్పటికైనా నమ్ము. (నవ్వులు)

తర్వాత ఏమైంది? ఒక్కొక్కరూ జారుకున్నారు. కొందరు హొసకోటె దాకా బస్సెక్కి వెళ్లి అక్కడ పాపాలు దించుకుని వచ్చారు. కొందరు అసలే మానేశారు. మానేసినవాళ్లంతా నా అంగడికి వచ్చారు. ఒకాయన, "ఈయన్ను మార్చమని బిషప్ దగ్గరికి పోదాము" అన్నాడు. ఇంకొకాయన, "పేరు రాయకుండా కాగితం వేద్దాము" అన్నాడు. ఫోను గ్రూపులో ఒక గలాట, అందులో ఫాదర్ గారు లేరని తీరిగ్గా గలాట. చౌరప్ప గారైతే వ్యాను కూడా మాట్లాడేశారు. నేను అడిగాను, "ఏమప్పా చౌరప్పా, ఈ మాట ఫాదర్‌కు చెప్పినారా?" "అదెట్లా చెప్పేదప్పా, ఆయన ముఖం మీదే!" అన్నారు. ఊరందరికీ చెప్పారు, ఆయన ఒక్కరికి తప్ప.

ఒక శనివారం ఫాదర్ గారే నా అంగడికి వచ్చారు. పొడి కోసం కాదు. బల్ల మీద కూర్చుని, చాలాసేపు బస్సులు చూసి, అడిగారు. "ఆదినారాయణప్పా, నా జనానికి నా మీద కోపమొచ్చినట్టుండాది. గూట్లో కూర్చుంటే ఒక్కరూ రావడం లేదు. అడిగితే అంతా బాగుంది ఫాదర్ అంటారు. నేనేం చేశాను?" అని.

ఇంటికి పెద్ద మనిషి, ఇంట్లోవాళ్లంతా ఎందుకు ముఖం తిప్పుకున్నారో తెలియక పక్కింటికి వచ్చి అడుగుతున్నాడు. "ఇది నా నోట రావలసిన మాట కాదు స్వామీ, మీవాళ్లే చెప్పల్ల" అని ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. చెప్పి, ఆయన అటు వెళ్లగానే ఆరోగ్యమ్మక్క ఇంటికి వెళ్లాను.

ఆరోగ్యమ్మక్క అదిగో, మూడో వరుసలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గుడిలో పీఠం మీద పరిచే గుడ్డలన్నీ ఆమె కుట్టినవే. ఇప్పుడు చెప్పబోయేది ఆమె అనుమతితో చెబుతున్నాను. గూట్లో విన్నది గురువు బయట చెప్పకూడదు, పొరపాటున విన్నవాళ్లు కూడా చెప్పకూడదట. "హిందువులకూ అంతేనా?" అని అడిగితే, "చెవులుండే వాళ్లకంతా అంతే" అన్నారు ఫాదర్ గారు. అందుకే మిషన్ ఆన్ చేయడం ఆలస్యమైన రోజుల్లో నా చెవిన పడ్డవన్నీ నాతోనే ఉన్నాయి, ఎవరూ కంగారు పడకండి. (నవ్వులు) కానీ తన మాట చెప్పుకునే హక్కు ఎవరిది వాళ్లకు ఉంటుంది కదా. "చెప్పు తమ్ముడా, నవ్వుకుంటే నవ్వుకోనీ" అంది అక్క.

నేను సంగతి చెప్పగానే అక్క చౌరప్ప గారి ఇంటికి వెళ్లి, గడప మీదే నిలబడి, "వ్యాను ఎక్కి పోతావు సరే, ఫాదర్‌కు చెప్పినారా అని బిషప్ మొదటి మాట అడుగుతాడు. ఏం చెప్తావు? తల గీరుకుంటావా?" అని కడిగేసి వచ్చింది. డీన్ ఫాదర్ గారు తల ఊపుతున్నారు, అంటే నిజమే అన్నమాట. అక్క అంత ధైర్యం చేసింది కదా, నేరుగా ఫాదర్ గారికి చెప్పిందా? చెప్పలేదు! ఆమెకూ ముఖం చెల్లలేదు. ఆలోచించి, ఆలోచించి, శనివారం సాయంత్రం గూటి దగ్గరికే వెళ్లి మోకరించింది. ముఖాముఖి చెప్పలేనిది జాలీ చాటున పాపంగా చెప్పేస్తే సరిపోతుందని ఆమె లెక్క.

ఆ రోజు కరెంటు పోయింది. (నవ్వులు) నా మిషన్ మూగదైపోయింది. వీధి వీధంతా నిశ్శబ్దం. గుడిలో పాటలవాళ్లు సాధనకని వచ్చి కూర్చున్నారు.

"వెనకాల మాట్లాడినాను ఫాదర్" అంది అక్క.

"గట్టిగా చెప్పు తల్లీ!"

"మీ గురించే వెనకాల మాట్లాడినాను!"

"ఇంకా గట్టిగా!"

"మీకు చెవులు వినపడవని ఊరంతా చెప్పినాను ఫాదర్! మీకు తప్ప అందరికీ తెలుసు!"

పాటలవాళ్లు పుస్తకాలు మూసేశారు. నేను అంగడిలో కాఫీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపలినుంచి ఫాదర్ గారి గొంతు వచ్చింది. ఆయన గుసగుసే అనుకున్నారు, అది హొసకోటె రోడ్డు దాకా వెళ్లింది. "ఇక్కడ విన్నది నేను బయటికి తీసుకుపోకూడదు తల్లీ. ఈ గూట్లోనుంచి లేస్తే నాకేమీ తెలియదు. కాబట్టి నీకు ప్రాయశ్చిత్తం ఏమంటే, ఇదే మాట బయటికి వచ్చి నాకు చెప్పు."

అక్క గట్టిగానే బతిమాలింది. "అదొక్కటి వద్దు ఫాదర్! ఎన్ని మంగళవార్త జపాలు చెప్పమన్నా చెప్తాను. జపమాల మొత్తం చెప్తాను!"

"జపమాల మరియమ్మ తల్లి వింటుంది. నాకెవరు చెప్తారు?" అన్నారు ఫాదర్ గారు.

ఇద్దరూ బయటికి వచ్చారు. గేటు దగ్గర, నా అంగడికి ఎదురుగా. నేను ఎంతోమంది నటులను చూశాను గానీ ఆ సాయంత్రం ఫాదర్ గారు నటించినట్టు ఎవరూ నటించలేదు. ఏమీ ఎరగని పసివాడిలా నిలబడి, "ఏం తల్లీ, నాతో ఏమైనా చెప్పాలా?" అన్నారు. అక్క ఆయన్ను చూసింది, నన్ను చూసింది, పైకి చూసింది. చివరికి ఏడుస్తూ, గట్టిగానే, "మీకు చెవులు వినపడ్డం లేదు ఫాదర్. మేము మెల్లగా చెప్పుకునేది అందరికీ వినపడతాండాది. అందుకే ఎవరూ రావడం లేదు" అంది.

"అవునా!" అన్నారు, అప్పుడే విన్నట్టు. అంతవరకే నటన. తర్వాత ఆయన కళ్లు నిండాయి. గేటు పట్టుకుని అడిగారు. "చెవేనా తల్లీ? అంతేనా? మీకు నేనే వద్దయినాననుకున్నాను."

ఆ వారమే చెవికి మిషన్ వచ్చింది, చౌరప్ప గారు మాట్లాడిన వ్యానులోనే డాక్టరు దగ్గరికి వెళ్లారు. మరుసటి ఆదివారం ప్రసంగంలో ఆయన అన్న మాట మీకందరికీ గుర్తుండాలి. "నా ప్రసంగం పొడుగైనా, నా కోపం ఎక్కువైనా, నా చెవి పోయినా, ముందు నాకే చెప్పండి. నేను వినకపోతే కౌన్సిల్‌లో చెప్పండి, అక్కడా కాకపోతే డీన్ దగ్గరికి, బిషప్ దగ్గరికి వెళ్లండి, మీ పేరుతోనే వెళ్లండి, నేను అలగను. కానీ ఒక గురువు ఎవరికైనా కీడు చేశాడని తెలిస్తే, బిడ్డల జోలికి వెళ్లాడని తెలిస్తే, వాడితో మాట్లాడుతూ కూర్చోవద్దు. నేరుగా పోలీసుల దగ్గరికీ బిషప్ దగ్గరికీ వెళ్లండి. అప్పుడు మర్యాద చూసుకోవద్దు" అన్నారు. కొత్త ఫాదర్ గారూ, ఈ జనం ఆ పాఠం విన్నవాళ్లు, మీ చెవులు జాగ్రత్త. (చప్పట్లు)

ఆ రోజునుంచి పూజ తర్వాత గేటు పక్క బెంచీ మీద ఫాదర్ గారు కూర్చోవడం, మీరు వచ్చి ముఖం మీదే చెప్పడం మొదలైంది. మొట్టమొదట చెప్పింది ప్రసంగం తగ్గించమని. విన్నారు, తల ఊపారు, తగ్గించలేదు. (నవ్వులు) అదొక్కటీ మిషన్‌తో బాగయ్యే జబ్బు కాదు. నష్టపోయింది నేను. నా అంగడికి వచ్చి చెప్పుకునేవాళ్లు తగ్గిపోయారు, పొడి కొనేవాళ్లే మిగిలారు.

చివరగా, నాలాంటి బయటివాణ్ణి ఇంటివాడిలా పిలిచి మైకు ఇచ్చిన కౌన్సిల్‌కు, ఓపికగా విన్న డీన్ ఫాదర్ గారికి, కథ ఇచ్చిన ఆరోగ్యమ్మక్కకు, ఇంత పరువు తీసినా నవ్వుతూ కూర్చున్న చౌరప్పకు, ఇక చాలని ఆ మూలనుంచి చెయ్యి ఊపుతున్న మా ఆవిడ శాంతమ్మకు కృతజ్ఞతలు. ముగిస్తున్నాను శాంతమ్మా, ఒక్క నిమిషం.

ఫాదర్, పొగడ్తలు మొదలుకాగానే మీరు చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నారు. ఎవరూ చూడలేదనుకున్నారు, నేను చూశాను. ఒకసారి పెట్టుకోండి. చౌరప్పా, ఫాదర్‌కు సైగ చెయ్యి. మిషన్... చెవిలో... ఆఁ. (నవ్వులు)

పెట్టుకున్నారా? వినపడుతున్నదా? అయితే మీరు నేర్పిన ప్రకారం ముఖం మీదే చెప్తాను, మేఘన తిట్టినా సరే మా ఇంటి తెలుగులోనే చెప్తాను. స్వామీ, మీరు ఆనేకల్ దగ్గరి ముసలి ఫాదర్ల ఇంటికి పోతాండారని తెలిసినప్పటినుంచి నాకు చానా బేజారుగా ఉండాది. శనివారం సాయంత్రమైతే చెయ్యి దానంతట అదే మిషన్ స్విచ్చి మీదికి పోతాండాది. మీరు పోయేది నాకేమీ బాగలేదు.

ఇదే నా ఫిర్యాదు. బిషప్ దాకా వెళ్లను, ముందు మీకే చెప్పాను. సెలవు.