ఆడ ఎలుకల గది తాళం

నా వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మా సంస్థ డైరెక్టర్ ఎసెన్‌బెక్ గారికి, నరీన్ ఆసుపత్రి వైద్యులకు, నాకంటే ముందే రిటైరై నాకంటే హాయిగా ఉన్న పెద్దలకు, మాంసం పళ్లేల వైపు చూస్తూనే నా మాట వింటున్నట్టు కనిపిస్తున్న మిత్రులకు వందనాలు.

నన్ను చాలా పొగిడారు. ఓర్పు గలదాన్నట. ఆ మాట అన్నవాళ్లు నాతో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు. (నవ్వులు)

క్షయ మీద పరిశోధనకు నేనిక్కడ చేరేనాటికి ఈ సంస్థలో ఉన్నవన్నీ మగ ఎలుకలే. ఆడవి ఎందుకు లేవని అడిగితే, "వాటి హార్మోన్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయక్కా, లెక్క చెడగొడతాయి" అన్నారు ఎసెన్‌బెక్ గారు. మరి ఆసుపత్రిలో క్షయ వార్డు నిండా మగవాళ్లే ఎందుకున్నారయ్యా అంటే, "తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు, ఊళ్లు తిరుగుతారు" అన్నారు. అదీ నిజమే, కాదనను. కానీ మా తమ్ముడు మెలిస్ సిగరెట్ ముట్టలేదు, వోడ్కా వాసన పడదు, తను పాఠాలు చెప్పే కొండ మీది బడి దాటి ఎక్కడికీ పోలేదు. క్షయతోనే పోయాడు. దినం నాడు మా ఇంటి ముందు వేసిన గుడారంలోనే కూర్చుని, మా టీ తాగుతూనే, "చాటుగా తాగేవాడేమోలే" అన్నారు జనం.

అందుకే ఆడ ఎలుకల గది కోసం పోట్లాడి సాధించాను. అదే క్రిమి, అదే తిండి, అవే పంజరాలు. మగవి ముందు చచ్చాయి. కొన్ని మగవాటికి విత్తులు తీసేసి చూస్తానన్నాను. ఆ సమావేశంలో మగవాళ్లందరూ కాలు మీద కాలేసుకున్నారు. (నవ్వులు) నవ్వకండి, ఎసెన్‌బెక్ గారు ఇప్పుడూ వేసుకున్నారు. విత్తులు తీసినవి దాదాపు ఆడవాటిలాగే తట్టుకున్నాయి. వాటికే మగ హార్మోను సూదితో ఎక్కిస్తే మళ్లీ త్వరగా పోయాయి. నా ఎలుకల్లో ఒక్కటీ సిగరెట్ కాల్చలేదు, దానికి నాదీ పూచీ.

ఇది ఆడవాళ్లు గెలిచిన కథేం కాదు. కడుపుతో ఉన్నప్పుడు కొన్ని రోగాలు ఆడదాన్నే గట్టిగా పట్టుకుంటాయి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే మగవాడు ఎందుకు పోతున్నాడో తెలియదు, ఆడదానికి మందు ఎంత పడుతుందో తెలియదు. అయినా విందులో గొర్రె తుంటి ఎముక పెద్దాయనకి, తోక ముక్క పెద్దావిడకి అని మీకెవరూ చెప్పక్కర్లేదు. పొరపాటున ఎముక మారితే వియ్యాలవారు ఏడు తరాలు చెప్పుకుంటారు. గొర్రె దగ్గర ఇంత తేడా పాటించే మనకు జబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆడా మగా ఒక్కటే!

నేను వెళ్లగానే ఆ ఆడ ఎలుకల గదిని అతిథులకు విశ్రాంతి గది చేస్తారని నిన్న తెలిసింది. సోఫా కూడా కొన్నారట. తాళం ఇదిగో, నా చేతిలోనే ఉంది. దీన్ని నా పని అందుకుంటున్న బెగిమాయ్‌కి ఇమ్మని డైరెక్టర్ గారు ఈ సభలో అనేదాకా నా పళ్లెంలో తోక ముక్క నేను ముట్టను. పెద్దావిడ ముట్టందే మీరూ ముట్టలేరు. ఆచారం నేను పెట్టింది కాదు.



"సయ్‌కల్ అక్కా, కొవ్వు గడ్డకడుతోంది!" అంటున్నారు వెనక వరసలో.

కట్టనీ, నాయనా.

"మరి ఆ సోఫా ఏం చెయ్యమంటారక్కా?" అంటున్నారు డైరెక్టర్ గారు.

మీ ఇంటికి పట్టుకెళ్లండి. కాలు మీద కాలేసుకోవడానికి పనికొస్తుంది.

"సరే తల్లీ సరే, ఆ పిల్లకే ఇవ్వండి. అందరూ విన్నారుగా, ఇక తిననివ్వండి!" అనేశారు డైరెక్టర్ గారు. (చప్పట్లు)

బెగిమాయ్, ఇలా రా. తలుపు బిగుసుకుంటుంది, భుజంతో తొయ్యాలి. మిగతావాళ్లకు ఒక్క మాట. ఇకమీదట ఎవరైనా జబ్బుతో పోతే, వాళ్లింట్లో వాళ్ల టీ తాగుతూ కారణం ఊహించకండి. ఆ గదికొచ్చి ఈ పిల్లను అడగండి.

తినండి, చల్లారిపోతుంది. ఇన్నాళ్లు నన్ను భరించినందుకు కృతజ్ఞతలు. సెలవు.