మూడు మిల్లీమీటర్లు

సభ నడిపిస్తున్న డైరెక్టర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన ఆసుపత్రి నర్సులకు, బిస్కెట్ల బల్ల దగ్గరే స్థిరపడిపోయిన మా పరిశోధక విద్యార్థులకు, ఇవాళ రిటైరవుతున్న మా మేడం గారికి, వారి కుటుంబానికి నమస్కారాలు.

విభాగాధిపతిని కదా, మేడం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మంచి మాటలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి, ఇప్పుడు నేను కూడా చెప్పాలట. (నవ్వులు) నవ్వకండి, నేను సరదాకి అనలేదు.

మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఇద్దరి పనీ ఒకటే, సూక్ష్మజీవుల్ని చంపే పదార్థాలు వెతకడం. నేను లవంగ నూనె పట్టుకున్నాను, ఆవిడ వెండిని కంటికి ఆననంత పొడి చేసి రబ్బరు గొట్టాల మీద పూత వేయడం మొదలుపెట్టారు. ల్యాబ్‌లో ఆవిడకి వెండక్క అని, నాకు లవంగం సారు అని పేర్లు పడ్డాయి. చూశారా, ముద్దుపేరు పెట్టేటప్పుడు కూడా ఆవిడకి అక్క వరస కలిపారు, నన్ను సారు దగ్గరే ఆపేశారు. (నవ్వులు) ఆ మాట కూడా నేను ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను.

మా పని తెలియని బంధువుల కోసం ఒక్క ముక్క చెబుతాను. గాజు పళ్ళెంలో జెల్లీ పోసి, దాని మీద సూక్ష్మజీవుల్ని పులిమి, మధ్యలో పూత వేసిన ముక్క పెట్టి వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. మర్నాటికి పళ్ళెమంతా పాల మీద మీగడలా తెల్లగా పెరిగిపోతాయి. పూత పనిచేస్తే మాత్రం ముక్క చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని స్కేలుతో కొలుస్తాం. పద్దెనిమిది మిల్లీమీటర్లు దాటితే ఆ పూత ముందుకు వెళుతుంది, లోపైతే పక్కకి పోతుంది. ఇదే మా చదువంతా.

నా లవంగాల ఖాళీ ఎప్పుడూ పన్నెండూ పదమూడే. ఆవిడది నెలనెలా పెరుగుతుండేది, నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి. పైకి మాత్రం "బ్రహ్మాండం మేడం" అనేవాణ్ణి. ఇంటికెళితే మా ఆవిడ "పాపం వెండక్క ఎంత కష్టపడుతుందో" అనేది. పుండు మీద కారం చల్లాలంటే మా ఆవిడ తర్వాతే ఎవరైనా. (నవ్వులు) అదిగో, మూడో వరుసలో కూర్చుని నన్నే చూస్తోంది.

మొన్న మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూత్రానికి మేడం వెండి పూత గొట్టమే పెట్టారు. పన్నెండు రోజులు ఉంచినా జ్వరం రాలేదు. "ఇది నువ్వు కనిపెట్టిందేనా నాన్నా?" అని అడిగింది. "మా ల్యాబ్‌దేనమ్మా" అన్నాను. మేడం పేరు నా నోటికి రాలేదు. అంత కుళ్ళు నాది.

(కాగితం మడిచి జేబులో పెట్టుకుని) కాగితం మీద రాసుకొచ్చింది ఇంతవరకే. ఇక మీదట రాసుకోనిది చెబుతాను.

పద్దెనిమిదేళ్ళ కిందట మేడం గారబ్బాయికి స్కూల్లో కాలు విరిగింది. ఈ బాబే, ఇప్పుడు శుభ్రంగా నడుస్తున్నాడు, సంతోషం. ఆవిడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "ఏడో నంబరు పూత పళ్ళెం ఇవాళే కొలవాలండీ. మీరు చూసి నా పుస్తకంలో రాసేయరూ? ఇంకెవరి కొలతనీ నేను నమ్మను" అన్నారు. నేను తీసి కొలిచాను. పంతొమ్మిది. మళ్ళీ కొలిచాను, పంతొమ్మిదే. పుస్తకంలో పదహారు అని రాశాను. సూక్ష్మజీవులన్నీ చచ్చేలా పళ్ళేన్ని ఆవిరి కుక్కరులో పెట్టి, మర్నాడు నేనే పారేశాను.

వారం తర్వాత ఆవిడ వచ్చి ఆ అంకె చూసి పుస్తకం మూసేశారు. ఏడో నంబరు పక్కకి పోయింది. రెండేళ్ళు రకరకాలుగా మార్చి మార్చి చూసి, విసుగెత్తి చివరికి మళ్ళీ ఏడో నంబరే చేశారు. పంతొమ్మిది వచ్చింది. "అప్పుడు నా చేతే బాగోలేదేమో" అన్నారు నాతో. తేలు కుట్టిన దొంగలా టీ తాగుతూ కూర్చున్నాను. ఆ రెండేళ్ళలోనే నా లవంగాల వ్యాసం అచ్చయింది, ఆవిడ చేతిలో చూపించడానికి ఏమీ లేదు, విభాగాధిపతి కుర్చీ నాకొచ్చింది. ఆ రెండేళ్ళూ ఆసుపత్రుల్లో ఎంతమందికి మామూలు గొట్టాలు పెట్టి జ్వరాలు తెప్పించారో, ఆ లెక్క ఇక్కడున్న నర్సులకే తెలియాలి.

మేడం, దయచేసి లేవకండి. నన్ను పూర్తి చేయనివ్వండి.

నా అసూయ పోయిందనీ, మనసు కడిగేసుకున్నాననీ చెబితే అది ఇంకో అబద్ధం. ఇందాక మీకు శాలువా కప్పుతుంటే కూడా నా కడుపు మండింది. కానీ రేపటి నుంచి మీరు రారు. ఆ తప్పు మీ చేతిదేననుకుని మీరు ఇంటికి మోసుకెళ్ళిపోతారు. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఇది మీ పాత పుస్తకమే, బీరువాలోంచి తెచ్చాను. మన ల్యాబ్‌లో తప్పు రాస్తే చెరపకూడదు, తప్పు కూడా కనబడాలి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, తేదీ, సంతకం. పదహారు మీద గీత కొట్టాను. పంతొమ్మిది రాసి ఇవాళ్టి తేదీతో సంతకం పెట్టాను. డైరెక్టర్ గారూ, తర్వాత నన్నేం చేస్తారో మీ ఇష్టం.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మేడం, పుస్తకం మీది కాబట్టి మీ సంతకం కూడా పడితేనే ఈ దిద్దుబాటు చెల్లుతుంది. పెడతారో పెట్టరో, అడిగే హక్కు నాకు లేదు. పెన్ను ఇక్కడ పెడుతున్నాను. సెలవు.