పక్క మంచం పిల్ల

యూనివర్సిటీలో విద్యార్థుల గోడు వినే గది అది. తోటి పిల్లల కష్టసుఖాలు వినడానికి వారానికి రెండుసార్లు వచ్చి కూర్చునే ఆఖరేడు అమ్మాయి, ఆ పూట కూర్చోకుండానే కౌన్సెలర్ ముందు రాజీనామా కాగితం పెట్టింది.

"ఇక నేను రాను మేడమ్. నా పేరు కొట్టేయండి."

"ఏమైంది తల్లీ?"

"ఇక్కడ అందరి బాధలూ చెవులొగ్గి విన్నాను. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల, మూడో ఉద్యోగం కూడా రాలేదని నవ్వుతూ చెప్తే నేనూ నవ్వేశాను. మర్నాడే ప్రాణం తీసుకోబోయింది."

"ఆస్పత్రికి తీసుకెళ్లింది నువ్వే కదా?"

"అదేం గొప్ప మేడమ్? ముందురోజు సరిగ్గా వినుంటే ఆ అవసరమే వచ్చేది కాదు. చేర్పించాక మళ్లీ చూడ్డానిక్కూడా వెళ్లలేదు. మొహం చెల్లలేదు."

కౌన్సెలర్ కూడా ఆ పిల్లను వరండాలో రోజూ నవ్వుతూ పలకరించిందే, ఏమీ కనిపెట్టలేదు.

"పొద్దున తను ఫోన్ చేసిందమ్మా. గురువారం ఇక్కడికొచ్చి మాట్లాడతానంది. నువ్వుంటేనేనట."

"నేనా? నేనే కావాలందా?"

"నీ పేరే చెప్పింది."

అమ్మాయి కళ్లు తుడుచుకుని, బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుంది.

"గురువారం దాకా ఎందుకు మేడమ్? ఇప్పుడే తన దగ్గరికి వెళ్తాను."